కోవిడ్ ఏడాది కాలిఫోర్నియాలో మంటలార్పే మనుషులు నిజంగా తగ్గారా?

ప్రశ్న అడిగినవారు హైదరాబాద్‌లో విపత్తు నిర్వహణ చదువుతున్నారట, ప్రాజెక్టు కోసం అడుగుతున్నారు. ప్రశ్న సారాంశం ఇది: "2020లో కోవిడ్ వల్ల అమెరికాలో అడవి మంటలు ఆర్పే క్రూలు ఎంతమేరకు తగ్గాయి? ఖైదీలను ముందే వదిలేయడం వల్లే కాలిఫోర్నియా అంతగా తగలబడిందని ఒక వీడియోలో విన్నాను, నిజమేనా? అప్పుడు మన దగ్గర ఎలా ఉంది?"

నేనెవరో ముందు చెప్పాలి, లేకపోతే నా మాటకు ఎంత విలువ ఇవ్వాలో మీకు తెలియదు. మాది మార్కాపురం. చాలా ఏళ్లుగా ఉత్తర కాలిఫోర్నియాలో ఉంటున్నాను. ఉద్యోగం మ్యాపులు గీయడం. పెద్ద మంటలు లేచినప్పుడు ఆఫీసువాళ్లు నన్ను రెండేసి వారాలు మంటల క్యాంపుకు పంపిస్తుంటారు. అక్కడ నేను రిసోర్స్ యూనిట్‌లో కూర్చుంటాను. వచ్చిన ప్రతి క్రూనీ, ప్రతి ఇంజిన్‌నీ రాసుకోవాలి, ఎవరు ఎక్కడ పనిచేస్తున్నారో, ఎవరు విశ్రాంతిలో ఉన్నారో రోజూ లెక్క తేల్చాలి. పనిముట్టు పట్టుకుని మంట ముందు నిలబడ్డవాణ్ని కాను. కానీ ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు అన్న లెక్క మాత్రం నా బల్ల మీదుగానే పోయింది.

సూటిగా సమాధానం: జీతం తీసుకునే మనుషుల సంఖ్య పెద్దగా తగ్గలేదు. పనికి పంపగలిగిన క్రూల సంఖ్య తగ్గింది. ఈ రెండూ ఒకటి కావు, మీ ప్రాజెక్టులో వీటిని కలిపేస్తే మొత్తం తప్పుతుంది. అందరికంటే పెద్ద దెబ్బ తగిలింది ఖైదీల క్రూలకు. 2020 జులై మొదట్లో ఉత్తర కాలిఫోర్నియాలోని 77 ఖైదీల క్రూల్లో పనికి సిద్ధంగా ఉన్నవి 30 మాత్రమే. ఇక ఖైదీల విడుదల వల్లే రాష్ట్రం కాలిందన్న మాటకొస్తే, అందులో ఒక చిన్న నిజం ఉంది, దాని చుట్టూ పెద్ద అబద్ధం ఉంది. దాని సంగతి కింద రాస్తాను.

ముందు క్రూ అంటే ఏమిటో తెలియాలి. సినిమాల్లో చూసినట్టు గొట్టంతో నీళ్లు కొట్టేవాళ్లు ఇంజిన్ మనుషులు. ఒక్కో ఇంజిన్‌కు ముగ్గురు నుంచి ఐదుగురు ఉంటారు. కొండల్లోకి ఇంజిన్ పోదు. అక్కడికి నడిచి వెళ్లేది హ్యాండ్ క్రూ. రంపాలు పట్టినవాళ్లు ముందు పొదలు, చెట్లు కొట్టుకుంటూ పోతే, వెనకవాళ్లు పులాస్కి అనే పనిముట్టుతో, ఒకవైపు గొడ్డలి, ఇంకోవైపు బాడిస ఉంటుంది దానికి, ఆకూ వేరూ గీకి వట్టి మట్టి తేలేదాకా ఒక దారి చేస్తారు. అదే ఫైర్ లైన్. నల్లమలలో మన అటవీ శాఖ వాళ్లు ఎండాకాలానికి ముందు తీసే ఫైర్ లైన్ లాంటిదే, కాకపోతే ఇక్కడ మంట పక్కనే ఉండగా తీస్తారు.

ఫెడరల్, అంటే ఇక్కడి కేంద్ర ప్రభుత్వ లెక్కలో హ్యాండ్ క్రూ అంటే 18 నుంచి 20 మంది. 17 మంది వస్తే "ముగ్గురు తక్కువ, సర్దుకుందాం" అనడానికి లేదు. పద్దెనిమిదికి తగ్గితే దూరం నుంచి పిలిపించే క్రూగా లెక్కలోకే రాదు. వీళ్లంతా కలిసే తింటారు, ఒకే చోట పడుకుంటారు, పదేసి మంది పట్టే రెండు బండ్లలో ప్రయాణిస్తారు, పద్నాలుగు రోజులు వరసగా, రోజుకు పదహారు గంటల దాకా పనిచేస్తారు. ఇప్పుడు ఆ ఏడాది క్వారంటైన్ నిబంధన గుర్తు తెచ్చుకోండి: కోవిడ్ ఉన్నవాడి దగ్గర మసిలినవాళ్లందరూ 14 రోజులు విడిగా ఉండాలి. ఒక్కడికి వస్తే పోయేది ఒక్కడు కాదు, ఇరవై మంది. ఇరవై మందికి పద్నాలుగు రోజులంటే 280 పనిదినాలు. జీతాల పట్టీలో మాత్రం ఇరవై మందీ అలాగే ఉంటారు.

నేను చూసిన ఒక సంగతి చెబుతాను. ఆగస్టు ఆఖరి వారం. మా క్యాంపు ఒక కౌంటీ (మన జిల్లా లాంటిది) ఫెయిర్‌గ్రౌండ్స్‌లో, మామూలు ఏడాదుల్లో గొర్రెలకూ దూడలకూ పోటీలు పెట్టే షెడ్డులో నా బల్ల. ముందు ప్లాస్టిక్ తెర, కింద కాగితం జరపడానికి బెత్తెడు సందు. పొద్దున్నే ఒక క్రూ బాస్ వచ్చాడు. మాస్కు పైన కళ్ల చుట్టూ మసి. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "మా రంపం కుర్రాడికి పొద్దుట్నుంచి కాఫీ వాసన తెలియడం లేదట. ఈ మాట నీకు చెప్పాలా వద్దా అని అరగంట బండిలోనే కూర్చున్నాను."

పదకొండు రోజులు పొగలో ఉన్నవాడికి వాసన తెలియకపోవడంలో వింతేముంది? దగ్గు, తలనొప్పి, నీరసం, గొంతు మంట, ఇవన్నీ మంటల మీద పనిచేసేవాళ్లందరికీ ఉండేవే. కోవిడ్ లక్షణాల పట్టిక, పొగ పీల్చినవాడి లక్షణాల పట్టిక పక్కపక్కన పెడితే దేనిదేదో డాక్టరే చెప్పలేడు. అయినా చెప్పాడు కాబట్టి నిబంధన ప్రకారం ఇరవై మందినీ మోటెల్‌కు పంపాం. మా బోర్డు మీద ఒక్కో క్రూకి ఒక ఆకుపచ్చ కార్డు ఉంటుంది. ఆ కార్డు తీసి "పనిలో లేరు" అన్న గడిలో పెట్టాను. బదులుగా ఇంకో క్రూ కావాలని ఆర్డర్ పెట్టాం. సాయంత్రానికి జవాబు వచ్చింది: యూటీఎఫ్, అనేబుల్ టు ఫిల్. మా భాషలో దానర్థం, అడిగారు సరే, ఇవ్వడానికి ఎవరూ లేరు అని.

టెస్టు ఫలితం మూడో రోజు మధ్యాహ్నం వచ్చింది. కోవిడ్ లేదు. పొగే.

ఆ రెండు పూర్తి షిఫ్టుల్లో నలభై మనిషి-షిఫ్టులు పోయాయి, జబ్బే లేకుండా. ఇలాంటివి ఏ గణాంకాల్లోనూ కనిపించవు, ఎందుకంటే అక్కడ కోవిడ్ కేసు సున్నా. ఆ క్రూ బాస్ నిజాయితీపరుడు కాబట్టి చెప్పాడు. చెప్పనివాళ్లూ ఉన్నారు. ఆ సీజన్‌లోనే ఒక ప్రైవేటు కాంట్రాక్టు క్రూలో కుర్రాళ్లు దగ్గు మాత్రలు మింగి ఊరుకున్నారని తర్వాత తెలిసింది, పని ఆగితే డబ్బులు ఆగుతాయని భయం. వాళ్లను తిట్టాలో జాలిపడాలో నాకు ఇప్పటికీ తెలియదు.

అలాగని నిజమైన కేసులు లేవనుకోకండి. అన్నిటికంటే బాగా లెక్క రాసిపెట్టింది కొలరాడోలోని కామెరాన్ పీక్ మంట గురించి. ఆ రాష్ట్ర చరిత్రలో అదే అతిపెద్ద కార్చిచ్చు, 2020 ఆగస్టు నుంచి డిసెంబరు దాకా కాలింది. అక్కడికి మొత్తం 6,123 మంది వచ్చారు, అందులో 63 క్రూలకు చెందిన 1,260 మంది ఫైర్‌ఫైటర్లు. కోవిడ్ తేలింది 79 మందికి. క్వారంటైన్‌కు పోయింది 273 మంది. చూశారా, జబ్బు పడ్డవాళ్లకు మూడింతలకు పైగా మనుషులు ఆరోగ్యంగానే ఉండి పక్కకు తప్పుకోవాల్సి వచ్చింది. వైరస్ జన్యువులను పరీక్షిస్తే ఎనిమిది రకాల వంశాలు కనిపించాయి. అంటే క్యాంపులో ఒకరి నుంచి అందరికీ పాకిందని కాదు, ఎన్నో చోట్ల నుంచి ఎన్నోసార్లు లోపలికి వచ్చింది, వచ్చాక క్రూల లోపలా క్రూల మధ్యా తిరిగింది. మీ ప్రాజెక్టుకు ఒకే ఒక్క ఉదాహరణ కావాలంటే నేను దీన్నే తీసుకోమంటాను.

ఇక ఖైదీల సంగతి. తెలుగువాళ్లకు ఇది చెప్పగానే "ఖైదీలతో మంటలార్పిస్తారా!" అంటారు. అవును, కాలిఫోర్నియాలో రెండో ప్రపంచ యుద్ధం నాటి నుంచి ఉంది. తక్కువ ప్రమాదకరమని తేలిన ఖైదీలు, తామే ఒప్పుకుంటే, జైలు నుంచి అడవిలోని క్యాంపుకు మారతారు. ఒక్కో క్రూలో 12 నుంచి 17 మంది, పైన ఒక ఫైర్ కెప్టెన్. 2020లో వాళ్లకిచ్చే కూలి రోజుకు 2.90 నుంచి 5.12 డాలర్లు, మంట మీద ఉన్నప్పుడు గంటకు ఇంకో డాలరు. పక్కనే అదే పని చేసే మామూలు ఉద్యోగి జీతంతో పోలిస్తే ఇది ఏ మూలకూ రాదు. ఇది బాగుందా లేదా అన్న చర్చ ఇక్కడ ఎప్పుడూ ఉంటుంది. నా వరకు నాకు ఇబ్బందిగానే ఉంటుంది. కానీ లైన్ మీద వాళ్ల పనిని చిన్నచూపు చూసిన కెప్టెన్‌ను నేను ఒక్కణ్నీ చూడలేదు.

2020 సీజన్ మొదలయ్యేసరికి ఇలాంటి క్యాంపులు 43, వాటిలో దాదాపు 3,100 మంది ఖైదీలు, మంట మీద పనిచేసే అర్హత ఉన్నవాళ్లు దాదాపు 2,200 మంది. ఉత్తరాది క్యాంపులకు అప్పట్లో మనుషులను తర్ఫీదు ఇచ్చి పంపేది సూసన్‌విల్‌లోని జైలు. జూన్‌లో ఆ జైల్లో కోవిడ్ పాకింది. అక్కడి నుంచి వచ్చినవాళ్లు ఉన్న 12 క్యాంపుల నుంచి ఎవరూ కదలకుండా లాక్‌డౌన్ పెట్టారు. అప్పటికే శాన్ క్వెంటిన్ జైలు అనుభవం కళ్లముందు ఉంది. మే చివర్లో చినో జైలు నుంచి కొందరు ఖైదీలను అక్కడికి మార్చారు, కొద్ది వారాల్లోనే వేల మందికి సోకింది, ఇరవై ఎనిమిది మంది ఖైదీలు చనిపోయారు. దాంతో ఒక చోటి నుంచి ఇంకో చోటికి మనిషిని కదపాలంటేనే అందరికీ టెన్షన్. క్యాంపు వ్యవస్థ అంతా నడిచేదే మనుషులను కదపడం మీద. పాతవాళ్ల శిక్ష అయిపోతే కొత్తవాళ్లు రావాలి. ఆ రాక ఆగిపోయింది.

దీనిమీద విడుదలలు వచ్చిపడ్డాయి. జైళ్లలో రద్దీ తగ్గించడానికి ఆగస్టు ఆఖరుకల్లా 8,000 మంది దాకా వదలొచ్చని జులై 10న రాష్ట్రం ప్రకటించింది. ఎవరిని వదులుతారు? నేరం తీవ్రత తక్కువ, శిక్ష కొద్దిగానే మిగిలింది, నడవడిక బాగుంది, అలాంటివాళ్లను. మరి ఫైర్ క్యాంపుకు ఎవరిని తీసుకుంటారు? సరిగ్గా వాళ్లనే. ఒకే గంపలోంచి రెండు చేతులు తీసుకుంటున్నట్టు అయింది. మీరు చూసిన వీడియోలో ఉన్న నిజం ఇంతవరకే.

ఆ వీడియో చెప్పని సంగతి ఇంకోటి ఉంది. ఆ గంప కోవిడ్‌కు చాలా ముందునుంచే ఖాళీ అవుతోంది. 2011లో చట్టం మారి చిన్న నేరాలవాళ్లను రాష్ట్ర జైళ్లకు కాకుండా కౌంటీ జైళ్లకు పంపడం మొదలైంది. 2014లో జనం ఓటుతో వచ్చిన మార్పు వల్ల కొన్ని నేరాలకు శిక్షలు తగ్గాయి. జైలు సంస్కరణ ఉద్దేశంతో చేసినవే ఇవి, మంటల గురించి ఎవరూ ఆలోచించలేదు. అంచేత 2020లో కోవిడ్ చేసింది మూలిగే నక్క మీద తాటిపండు వేయడం. ఆ ఏడాది ఆఖరుకు ఎనిమిది క్యాంపులు మూసేశారు, 35 మిగిలాయి.

ఖాళీ నింపడానికి జులై 9న గవర్నర్ గ్యావిన్ న్యూసమ్ 858 మంది అదనపు సీజనల్ ఫైర్‌ఫైటర్లను, కుర్రాళ్లతో అడవి పనులు చేయించే రాష్ట్ర సంస్థ కాలిఫోర్నియా కన్జర్వేషన్ కోర్ నుంచి మరో 6 క్రూలను అక్టోబరు దాకా తీసుకుంటున్నట్టు ప్రకటించారు. అందుకే మొదట్లో అన్నాను, తలకాయలు లెక్కపెడితే తగ్గుదల కనిపించదని. కానీ జులైలో చేరిన కుర్రాడు, ఐదేళ్లుగా కలిసి లైన్ తీస్తున్న క్రూలోని మనిషి, ఇద్దరూ కాగితం మీద ఒక్కొక్కరే. కొండ మీద కాదు. ఎంత దూరంలో నిలబడి పనిముట్టు ఆడించాలి, రంపం ఆగితే ఎవరు ముందుకు రావాలి, గాలి తిరిగితే ఎటు పరిగెత్తాలి, ఇదంతా కలిసి పనిచేస్తేనే వస్తుంది. ఆ ఏడాది వసంతంలో రిఫ్రెషర్ శిక్షణ కూడా చాలామందికి కంప్యూటర్ ముందే జరిగింది. మంట కమ్ముకొచ్చినప్పుడు కప్పుకునే ఫైర్ షెల్టర్ విప్పడం స్క్రీన్ మీద చూసి నేర్చుకునే విద్య కాదని పాతవాళ్లు గొణుగుతూనే ఉన్నారు.

ఇక మంటలు అదుపు తప్పడానికి ఇదే కారణమా? కాదు. ఆగస్టు 16, 17 ప్రాంతంలో కొద్ది రోజుల్లో ఉత్తర, మధ్య కాలిఫోర్నియా మీద దాదాపు 12,000 మెరుపులు పడ్డాయి. వాన మాత్రం చుక్క లేదు. ఒక్కసారిగా వందల మంటలు. ఆగస్టు 18కి దేశం మొత్తం అత్యున్నత అప్రమత్త స్థాయి అయిన ఐదుకు చేరింది. ఐదు అంటే ఇంక దేశంలో ఎక్కడా మిగులు లేదని అర్థం. బయటి రాష్ట్రాల నుంచి 375 ఇంజిన్లు కావాలని గవర్నర్ అడిగారు. సెప్టెంబరు మొదట్లో ఒరెగాన్, వాషింగ్టన్ కూడా అంటుకున్నాయి, కొలరాడో అప్పటికే కాలుతోంది. ఆ ఏడాది కాలిఫోర్నియాలో కాలింది 40 లక్షల ఎకరాలకు పైనే, దాదాపు పాత ఉమ్మడి కర్నూలు జిల్లా అంత. ఒక్క ఆగస్ట్ కాంప్లెక్స్ మంటే (పక్కపక్కన లేచిన చాలా మంటలకు కలిపి పెట్టే పేరు కాంప్లెక్స్) పది లక్షల ఎకరాలు దాటింది. ఖైదీల క్రూలన్నీ నిండుగా ఉన్నా అన్ని మంటలకు ఒకేసారి చాలేవి కావు.

నార్త్ కాంప్లెక్స్ మంట సంగతే తీసుకోండి. సెప్టెంబరు 8న ఈదురుగాలికి అది బెర్రీ క్రీక్ ఊరి మీద పడింది. ఆ మంటకు 16 మంది బలయ్యారు. మర్నాడు శాన్ ఫ్రాన్సిస్కో మీద ఆకాశం మధ్యాహ్నం కూడా నారింజ రంగులో ఉండిపోయింది, మీరు ఫొటోలు చూసే ఉంటారు. ఆ గాలికి ఎదురుగా ఏ క్రూనీ నిలబెట్టరు, నిలబెడితే చంపినట్టే. గాలి మంటను ఆపేది హ్యాండ్ క్రూ కాదు.

మరి క్రూల కరువు ఎక్కడ బయటపడింది? గాలి ఆగిన తర్వాత. మంట శాంతించిన ఐదారు రోజులు లైన్ తీసి, మిగిలిన నిప్పు తవ్వి చల్లార్చాలి, దీన్ని మాప్-అప్ అంటారు. ఎవరికీ పేరు తెచ్చిపెట్టని పని, టీవీలో చూపించని పని. ఖైదీల క్రూలు ఎక్కువగా చేసేది ఇదే. మనుషులు లేక ఈ పని ఇంకా ఎక్కువ రోజులు సాగింది. ఆలోపు మళ్లీ గాలి వస్తే ఆ మంటే మళ్లీ లేస్తుంది. అలాగే మెరుపు పడ్డ మొదటి రోజు, అర ఎకరం, ఎకరం ఉండగా ఒక్కో క్రూ వెళ్లి తుంచేయగలిగిన మంటలు కొన్ని ఉంటాయి. వాటిలో ఎన్ని మనుషులు లేక పెరిగాయో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. చెప్పినవాళ్లను నమ్మొద్దు.

బయటి సాయం గురించి ఒక మాట. మామూలుగా ఆస్ట్రేలియా, అమెరికా ఒకరి ఎండాకాలంలో ఇంకొకరు ఆదుకుంటారు. 2019-20లో ఆస్ట్రేలియా కాలినప్పుడు ఇక్కడి నుంచి రెండు వందల మందికి పైగా వెళ్లారు. ఆరు నెలలు తిరిగేసరికి అమెరికా వంతు వచ్చింది, కానీ అప్పటికి విమానాలు బాగా తగ్గిపోయాయి, దిగినచోట క్వారంటైన్. కెనడా, మెక్సికోల నుంచి కొంత సాయం వచ్చింది. సైన్యం కూడా దిగింది. వాషింగ్టన్ రాష్ట్రంలోని లూయిస్-మెకార్డ్ స్థావరం నుంచి రెండు వందల మందికి పైగా సైనికులు సెప్టెంబరులో ఆగస్ట్ కాంప్లెక్స్‌కు వచ్చారు. సైనికులకు కొండ ఎక్కడం నేర్పక్కర్లేదు, మంట ఎలా కదులుతుందో మాత్రం మొదటి నుంచీ చెప్పాలి.

ఫెడరల్ క్రూలు ఖైదీల క్రూల్లా కుప్పకూలలేదు, దానికి కారణం ఉంది. ఏప్రిల్‌లోనే ప్లాన్ రాసుకున్నారు: ప్రతి క్రూ ఒకే ఇంటివాళ్లలా ఉండాలి, ఇంకో క్రూతో కలవకూడదు. వెయ్యి మంది ఒకే డేరా కింద వరసలో నిలబడి తినే క్యాంపులు పోయి, క్రూకొక చోట చిన్న చిన్న మకాములు వచ్చాయి. వేడి భోజనం బదులు కాగితం సంచిలో శాండ్‌విచ్, ఆపిల్. (నేను ఒక సీజన్‌లో తిన్నన్ని హామ్ శాండ్‌విచ్‌లు జన్మలో తినలేదు, ఆఖరికి ఆవకాయ సీసా వెంట తీసుకెళ్లడం మొదలుపెట్టా.) పొద్దున్నే అందరినీ నిలబెట్టి చెప్పే బ్రీఫింగ్ రేడియోలో చెప్పారు. మ్యాపులు కాగితం మీద కాకుండా ఫోన్‌లోకి వెళ్లాయి, మాలో సగం మంది ఇంటి నుంచే పనిచేశారు. దీనివల్ల అనుకోని లాభం ఒకటి కలిగింది. ప్రతి సీజన్‌లో మూడో వారానికి క్యాంపంతా దగ్గే, దానికి "క్యాంప్ క్రడ్" అని పేరు కూడా ఉంది. నేనున్న క్యాంపుల్లో ఆ ఏడాది అది దాదాపు కనిపించలేదు. అంటే పాత పద్ధతిలో ఏటా మనం ఎన్ని పనిదినాలు ఊరికే పోగొట్టుకుంటున్నామో ఎవరూ లెక్కేయలేదన్నమాట!

ఇంకో సంగతి మీ ప్రాజెక్టులో తప్పక రాయండి. 2020 మార్చిలో ఫెడరల్ అటవీ శాఖ అయిన ఫారెస్ట్ సర్వీస్ కాలిఫోర్నియాలో ముందస్తుగా చేసే నియంత్రిత దహనాలను (పెద్ద మంటలు రాకుండా ఎండు పొదలను కావాలని కాల్చేయడం) ఆపేసింది, సిబ్బంది ఒకచోట చేరకూడదని, పొగ ఊళ్ల మీదికి పోకూడదని. క్రూలు ఉండీ పని చేయలేకపోయిన సందర్భం ఇది. సిబ్బంది సంఖ్యలో దీని జాడ ఉండదు.

2021కి టీకాలు వచ్చాయి, అయినా కొరత పోలేదు. ఆ ఏడాది జులై 14కే ఐదో స్థాయికి చేరాం. ఒక్క డిక్సీ మంటే 9 లక్షల 63 వేల ఎకరాలు. కానీ 2021 కొరతకు కోవిడ్ పేరు పెట్టడం నాకు సరిగ్గా అనిపించదు. ఫెడరల్‌లో కొత్తగా చేరినవాడికి అప్పటికి గంటకు 13 డాలర్ల చిల్లర, ఊళ్లో హోటల్లో బర్గర్లు వేసేవాడికి అంతకంటే ఎక్కువ. జూన్ ఆఖర్న బైడెన్ ప్రభుత్వం దాన్ని కనీసం 15కు పెంచింది. నవంబరులో వచ్చిన మౌలిక వసతుల చట్టం ఏడాదికి 20,000 డాలర్లు లేదా మూలవేతనంలో సగం, రెండిటిలో ఏది తక్కువైతే అంత పెంచడానికి దారి తీసింది. మంచి హాట్‌షాట్ కుర్రాళ్లు (బాగా అనుభవమున్న హ్యాండ్ క్రూలవాళ్లు) అప్పటికే కరెంటు కంపెనీలకూ ఊరి ఫైర్ డిపార్ట్‌మెంట్లకూ వెళ్లిపోయారు. ఖైదీల వైపు మాత్రం ఒక మంచి జరిగింది. శిక్ష అయ్యాక పాత కేసు అడ్డొచ్చి ఫైర్‌ఫైటర్ ఉద్యోగం దొరకని పరిస్థితి ఉండేది. క్యాంపుల్లో పనిచేసినవాళ్లు ఆ రికార్డు కొట్టేయమని కోర్టును అడగడానికి 2020 సెప్టెంబరు 11న చట్టం తెచ్చారు.

మన దగ్గర ఎలా ఉందని చివర్లో అడిగారు. అక్కడ నేను పనిచేయలేదు, కాబట్టి రెండు ముక్కలే. మార్చి 25న లాక్‌డౌన్ పడేసరికి నల్లమలలో మంటల కాలం నడుమ ఉంది. కేంద్ర హోం శాఖ ఇచ్చిన మినహాయింపుల్లో అడవుల్లో మంటలార్పే సిబ్బంది, గస్తీ తిరిగేవాళ్లు ఉన్నారు, కాబట్టి కాగితం మీద పని ఆగలేదు. పద్ధతే వేరు. మన ఫైర్ వాచర్లు ఎక్కువగా ఆ గూడేలవాళ్లే, చెంచులు కూడా. పొద్దున అడవిలోకి పోయి సాయంత్రం ఇంటికొస్తారు. వేలమంది ఒకచోట మకాం వేసే క్యాంపే లేనప్పుడు ఒకడి దగ్గుతో ఇరవై మంది పోయే లెక్క మనకు వర్తించదు. ఇక్కడి అంకెలు తీసుకెళ్లి అక్కడ అతికించకండి.

డేటా ఎక్కడ వెతకాలో చెప్పి ముగిస్తాను. నేషనల్ ఇంటర్ ఏజెన్సీ కోఆర్డినేషన్ సెంటర్ సీజన్‌లో రోజూ ఒక సిచ్యుయేషన్ రిపోర్టు వేస్తుంది, పాతవి కూడా దొరుకుతాయి. అందులో ఒక్కో మంటకు ఎన్ని క్రూలు, ఎన్ని ఇంజిన్లు, మొత్తం ఎంతమంది అని వేర్వేరు గడులుంటాయి. అందరూ మొత్తం మనుషుల గడి చూసి, 2020 సెప్టెంబరులో దేశవ్యాప్తంగా ముప్పై వేలకు పైగా ఉన్నారు కదా, కొరతేమిటి అంటారు. మీరు క్రూల గడి చూడండి. దాని పక్కన అదే సంస్థ వార్షిక నివేదికలో క్రూల ఆర్డర్లు ఎన్ని వచ్చాయి, ఎన్ని యూటీఎఫ్ అయ్యాయి అన్న పట్టిక పెట్టుకోండి. ఒక్క జాగ్రత్త: మోటెల్లో కూర్చున్న క్రూ కూడా మా లెక్కలో ఆ మంటకు వచ్చినట్టే ఉండేది, పేరు కొట్టేసేవాళ్లం కాదు. కాబట్టి ఆ గడిలో కనిపించే సంఖ్య కంటే లైన్ మీద ఉన్నవాళ్లు కొంచెం తక్కువే అని పక్కన రాసుకోండి.